మా మేనత్త నెత్తురు చెడిపోలేదు

పీహెచ్‌డీ అయిపోయిందని ఫోన్‌లో చెప్పినప్పుడు మా నాయిన చాలా సంతోషపడ్డాడు. "ఇగ కొలువేనా బిడ్డా?" అని అడిగాడు.

"ఇంకా లేదు నాయినా. ఇప్పుడు పోస్ట్‌డాక్ చెయ్యాలె" అన్నాను.

అదేమిటో విడమరిచి చెప్పమన్నాడు. డాక్టరేట్ వచ్చినవాళ్లు సొంత ప్రయోగశాల దొరికేదాకా ఒక పెద్ద శాస్త్రవేత్త కింద చేసే పరిశోధన పని అన్నాను. ఏడాది చూసి పొడిగిస్తారు, నచ్చకపోతే పంపించేస్తారు, అప్పుడు ఇంకో చోట వెతుక్కోవాలి అని కూడా చెప్పాను. ఆయన అంతా విని, "గట్లనా. జీతం ఉండుడే గదా. ఉగాదికి ఉగాదికి మాట్లాడుకునుడు" అన్నాడు.

మా దగ్గర జీతం ఉండటమంటే పెద్ద రైతు ఇంట్లో ఏడాది ఒప్పందం మీద పనిచేయడం. మా నాయిన చిన్నప్పుడు అలా ఉన్నవాడే. నేను నవ్వేశాను. ఆయన నవ్వలేదు.

మాది దేవరకొండ అవతల ఒక పల్లె. గొర్రెలు, మేకలు, కాస్త చెలక. వాన పడితే ఆముదాలు, కందులు. పడకపోతే గొర్రెల మందే దిక్కు. తెలంగాణ వచ్చిన తర్వాత ఊరూరా గొర్రెలు పంచినప్పుడు మా ఊళ్లో మందలు పెరిగాయి. దొడ్లు సరిపోక జనం ఇంటి పంచల్లో కూడా కట్టేసుకున్నారు. నేను గొర్రెల మధ్య పెరిగాను. హాస్టల్లో ఉన్నప్పుడు పక్క మంచం అమ్మాయి నా బట్టల పెట్టె తెరిస్తే ముక్కు మూసుకునేది. నాకు ఆ వాసన తెలిసేదే కాదు.

గొర్రె నెలలు నిండకముందే పిల్లను పడేస్తే మా దగ్గర 'ఈసుకపోయింది' అంటారు. దానికి కారణమైన సూక్ష్మజీవుల్లో ఒకటి మనుషులకూ అంటుకుంటుంది. కాచని పాలు తాగితే వస్తుంది. ఈసుకపోయిన గొర్రె మాయను ఒట్టి చేతులతో తీస్తే వస్తుంది. వచ్చిందంటే పొద్దు వాలేసరికి ఒళ్లు కాలుతుంది, చెమట పోసి దిగుతుంది, నాలుగు రోజులు బాగుండి మళ్లీ తగులుకుంటుంది. కీళ్లు పట్టేస్తాయి. ఏళ్ల తరబడి సాగుతుంది. ఒకచోట టైఫాయిడ్ అంటారు, ఇంకోచోట వాతం అంటారు, ఇంకేమీ తోచకపోతే వయసు అంటారు. సరిగ్గా కనిపెడితే మందులున్నాయి. కనిపెట్టడమే కష్టం.

హైదరాబాదులో ఒక పరిశోధన సంస్థలో ఈ జ్వరం మీద ప్రాజెక్టు నడుస్తోందని తెలిసి దరఖాస్తు పెట్టాను. వేలి నుంచి చుక్క నెత్తురు తీసి చిన్న పట్టీ మీద వేస్తే, కాసేపట్లో గీత కనిపించి జబ్బు ఉందో లేదో చెప్పే కిట్టు ఒకటి వాళ్లు తయారుచేశారు. అది ఎంత నమ్మదగిందో పల్లెల్లో చూడాలి. అందుకు ప్రతి మనిషికీ రెండు పరీక్షలు చేస్తారు. కిట్టు పరీక్ష అక్కడికక్కడే. రెండోది ప్రయోగశాలలో చేసే నెమ్మది పరీక్ష, అందరూ ఒప్పుకున్నది. రెండింటినీ పక్కపక్కన పెట్టి విశ్లేషించాలి. నెత్తురు సేకరించడానికీ, ఆ డేటా విశ్లేషించడానికీ ఒక పోస్ట్‌డాక్ కావాలి.

ఆ ప్రాజెక్టుకు అధిపతి అయిన శాస్త్రవేత్తను మేమంతా పెద్దసారు అనేవాళ్లం. ఇంటర్వ్యూలో ఆయన నా పీహెచ్‌డీ గురించి పెద్దగా అడగలేదు. మా ఊరు, మా కులం, మా ఇంట్లో ఎన్ని జీవాలున్నాయి, ఇవన్నీ అడిగాడు. చివరకు నవ్వుతూ, "మీ వాళ్లు నీకైతే చెయ్యి చాపుతారమ్మా. మాకు చాపరు" అన్నాడు. నేను దాన్ని మెచ్చుకోలు అనుకున్నాను.

మొదట మా ఊళ్లోనే మొదలుపెట్టాను. బడి అరుగు మీద బల్ల వేసుకుని, ఐసు డబ్బా పక్కన పెట్టుకుని కూర్చుంటే ఎవరూ దగ్గరికి రాలేదు. దూరంగా నిలబడి చూస్తున్నారు. అప్పుడు మా మేనత్త వచ్చి ముందు కూర్చుంది. మా నాయినకు అక్క. మామ చనిపోయాక మా ఇంటి పక్కనే వేరే గూడు వేసుకుని ఉంటోంది. ఊళ్లో ఏ గొర్రె ఈతకు వచ్చినా, ఏ గొర్రె ఈసుకపోయినా ఆమెనే పిలుస్తారు. మాయను తీసి, గుంటలో పూడ్చి, చేతులు మట్టితో రుద్దుకుని వస్తుంది. నాకు తెలిసినప్పటినుంచీ ఆమెకు ఈ జ్వరం వస్తూ పోతూ ఉంది. మోకాళ్లు వాచి, కూర్చుంటే లేవలేదు. ఆ మధ్య లేచేటప్పుడు గోడ పట్టుకోవడం మానేసి, కట్టేసిన పొట్టేలు కొమ్ము పట్టుకునేది.

"ఎంత తీస్తవే కోడలా? నాకే గింత ఉన్నది" అంది చెయ్యి చాపుతూ.

"ఎక్కువ తియ్యనత్తా. చిన్న సీసాల కొంచెం."

"తీసుకపొయ్యి ఏం జేస్తరు?"

చెప్పాను. కిట్టు మీద గీత రాలేదు. జబ్బు లేదని దానర్థం. ఆమె ముఖం చూస్తే అది సంతోషించాల్సిన మాటలా కనిపించలేదు.

"లేకుంటె గీ జరమేంది మరి? నేను దొంగజరం వడ్తున్ననా?"

"ఇంకో పరీక్ష ఉన్నదత్తా, హైదరాబాదుల. అదే పక్కా. అది అయినంక నేనే వచ్చి చెప్త."

"సెప్తవా? సూది గుచ్చిపొయినోళ్లు మల్ల మొకం సూపియ్యరు."

"నేను చెప్త."

ఆమె లేచి వెళ్లాక జనం వరుస కట్టారు. ప్రతి ఒక్కరూ అదే అడిగారు. ప్రతి ఒక్కరికీ నేను అదే చెప్పాను. నా నోటి మాటగా చెప్పింది కూడా కాదు. సంతకాలు తీసుకునే ముందు చదివి వినిపించాల్సిన కాగితంలో ఫలితం తెలియజేస్తామని సంస్థే అచ్చువేసి ఇచ్చింది.

ఎండాకాలం కొత్తకోట వైపు వెళ్లాను. అక్కడ వరి కోసిన మడుల్లో మందలు ఆపుకుని, గొర్రెల కాపరులు సంసారాలతో సహా ఉంటారు. ఎరువు కోసం రైతులు వాళ్లను పిలిచి మరీ పొలంలో దించుకుంటారు. పక్కనే బెంగళూరు రోడ్డు, లారీల హోరు. ఆ మందల్లో ఒక పడుచు జంట ఉండేది. అతనికి వెన్ను వంగదు, సాయంత్రానికి జ్వరం. ఆమెకు రెండు కాన్పులు మధ్యలోనే పోయాయి. గొర్రెలకొచ్చినట్టే నాకూ వచ్చిందా అక్కా అని నన్ను అడిగింది. ఆ ప్రశ్న వేయడానికి ఆమె నన్ను మంద అవతలికి, ఎవరికీ వినబడనంత దూరం తీసుకెళ్లింది. ఉండొచ్చు, పరీక్ష చేస్తేనే తెలుస్తుంది అన్నాను. ఇద్దరిదీ నెత్తురు తీసుకున్నాను. కిట్టు ఇద్దరికీ లేదంది.

ఆ తర్వాత కొన్నాళ్లకు పెద్దసారు స్వయంగా మా ఊరికి వస్తున్నానని కబురు పెట్టాడు. ప్రాజెక్టుకు డబ్బిచ్చేవాళ్లు ఇద్దరు వెంట వస్తారు, ఫొటోలు తీస్తారు, ఏర్పాట్లు చూడమన్నాడు. ఊళ్లోవాళ్లు నిజంగానే సంబరపడ్డారు. బడి ఊడ్చి నీళ్లు చల్లారు. నేను ప్రతి ఇంటికీ తిరిగి పాలు కాచి తాగండి, కాచి తాగండి అని చెబుతున్న రోజులవి. అందుకని మా మేనత్త మేకపాలు పొంగేదాకా కాచి, చక్కెర వేసి, మా ఇంట్లో ఉన్న మంచి గ్లాసులు వెతికి తెచ్చింది.

పెద్దసారు కారు దిగుతూనే ముక్కు దగ్గర చేతిరుమాలు పెట్టుకున్నాడు. ఫొటో తీసే అతను కెమెరా ఎత్తగానే రుమాలు జేబులోకి పోయింది. ఎవరిదో గొంగడి అడిగి భుజాన వేసుకున్నాడు. గొర్రెపిల్లను చంకన పెట్టుకున్నాడు. అది కాళ్లు తన్నుకుంటే, "దీన్ని కాస్త గట్టిగా పట్టుకోండయ్యా, ఫ్రేములో మీ చెయ్యి పడకుండా" అన్నాడు. మా మేనత్త పాల గ్లాసు ఇచ్చింది.

"మీరు సెప్పినట్టే కాగబెట్టిన సారూ. ఫికర్ జెయ్యకుండ్రి" అంది.

ఆయన గ్లాసు పెదవుల దాకా తీసుకెళ్లి కెమెరా వైపు చూసి నవ్వాడు. ఒకటి కాదు, ఇటు నుంచి, అటు నుంచి, మా మేనత్త పక్కన నిలబడి ఇంకొకటి. ఫొటోలు అయిపోయాక మాట్లాడుతూ మాట్లాడుతూ కారు వెనక్కి నడిచి ఆ పాలు నేల మీద పారబోశాడు. కుక్క ఒకటి వచ్చి నాకింది. మా మేనత్త చూసింది. నేనూ చూశాను. ఆమె ఖాళీ గ్లాసు తీసుకోవడానికి చెయ్యి చాపింది, ఆయన దాన్ని కారు బానెట్ మీద పెట్టి, "థ్యాంక్సమ్మా, చాలా బాగున్నాయి" అన్నాడు.

తిరుగు ప్రయాణంలో నేను ఆ కారులోనే ఉన్నాను. శానిటైజర్ సీసా తెరిచి మోచేతుల దాకా రుద్దుకున్నాడు. మెడకు కూడా. కారంతా స్పిరిటు ఘాటు. "ఈ వాసన ఇంటికెళ్లి స్నానం చేసినా పోదు. ఎలా బతుకుతారో ఏమిటో. నీకైతే అలవాటే కదా" అన్నాడు. నేను కిటికీ అద్దం దించాను. మల్లేపల్లి దాటేదాకా ముఖం బయటికే పెట్టుకున్నాను. ఆ రోజు నుంచి నాకు శానిటైజర్ వాసన పడదు. కరోనా కాలమంతా ఎక్కడికి పోయినా అదే వాసన, నేను సబ్బుతోనే నెట్టుకొచ్చాను.

హైదరాబాదు చేరాక అసలు పని మొదలైంది. నెమ్మది పరీక్షలన్నీ అయ్యాయి. నేను రెండు పరీక్షల ఫలితాలూ కంప్యూటర్‌లో పక్కపక్కన వేసి చూశాను. కొత్తగా జ్వరం పట్టుకున్నవాళ్లను కిట్టు బాగానే గుర్తించింది. జ్వరం పాతబడినవాళ్లను మాత్రం చాలామందిని వదిలేసింది. నెమ్మది పరీక్షలో జబ్బు ఉందని తేలినవాళ్లకు కిట్టు లేదని చెప్పింది. వాళ్లలో మా మేనత్త ఉంది. కొత్తకోట దగ్గరి ఆ భార్యాభర్తలున్నారు. పేర్లు ఉండవు, అంకెలే ఉంటాయి. కానీ ఆ అంకెలు వేసింది నేనే.

నాకు బాధ కలిగినా, శాస్త్రం వరకు అది పనికొచ్చే సంగతే అనిపించింది. ఈ కిట్టును కొత్త జ్వరాలకే వాడండి, పాత జ్వరాలకు నెమ్మది పరీక్షే చేయండి అని రాస్తే చాలు. దవాఖానల్లో డాక్టర్లకు అంతకంటే మంచి మాట ఏముంటుంది? ఆ మాట తేటపడేలా పటాలు గీసి, జాగ్రత్తగా సిద్ధం చేసుకుని మీటింగుకు వెళ్లాను.

మీటింగులో ముగ్గురమే. పెద్దసారు, నేను, నాకంటే చాలా ముందు చేరిన ఇంకో పోస్ట్‌డాక్. అతను ఏళ్లుగా అక్కడే ఉన్నాడు. ప్రతి ఏడూ పొడిగింపు కోసం సారు గది బయట నిలబడి నిలబడి, నిలబడటమే అతని ఆకారమైపోయింది. ఆ రోజు సమోసాలు తెప్పించారు. నేను చెప్పిందంతా విని పెద్దసారు నా పటాలు పక్కకు జరిపాడు.

"ఈ కిట్టు అమ్మకానికి ఒక కంపెనీతో మాటలు నడుస్తున్నాయని తెలుసు కదా నీకు?" అన్నాడు.

"తెలుసు సార్."

"మరి ఇది పట్టుకుని నేను వాళ్ల దగ్గరికి ఎలా వెళ్లను? ఈ తేడా వచ్చినవాళ్ల శాంపిల్స్ ఎలా ఉన్నాయి? ఎండల్లో తెచ్చావు. రక్తం చెడిపోయి ఉంటుంది."

"లేదు సార్, ఐసులోనే తెచ్చాం. చెడిపోయి ఉంటే నెమ్మది పరీక్ష కూడా సరిగ్గా రాకూడదు కదా."

"చెడిపోయి ఉంటుంది అంటున్నాను. నాణ్యత లేని నమూనాలని రాసి తీసెయ్యండి. ఇలా దారి తప్పే అవుట్‌లయర్స్ అన్ని స్టడీల్లోనూ ఉంటాయి."

నేను కదలలేదు. ఇంకో పోస్ట్‌డాక్ నా ల్యాప్‌టాప్ తనవైపు తిప్పుకున్నాడు. సమోసా నూనె వేళ్లతోనే ఆ వరుసలు ఒక్కొక్కటీ ఎంచుకుంటూ పోయాడు. తెర మీద వరుసలు నీలంగా మారుతున్నాయి. మా మేనత్త అంకె నీలంగా మారినప్పుడు నా నోరు ఊరుకోలేదు.

"మా మేనత్త నెత్తురు చెడిపోలేదు సార్" అన్నాను.

ఇద్దరూ నావైపు చూశారు. పెద్దసారు నవ్వాడు. కోపంగా నవ్వినా బాగుండేది. "పర్సనల్‌గా తీసుకోకమ్మా. డేటాకు అత్తలూ మామలూ ఉండరు" అన్నాడు. పక్కనున్నవాడు ఒక మీట నొక్కాడు. వరుసలు పోయాయి. కింద ఉన్నవి పైకి జరిగి ఖాళీ కూడా మిగలలేదు. మీటల మీద నూనె మరకలు మిగిలాయి.

బయటికొచ్చి బాత్రూంలో వాంతి చేసుకున్నాను. మాటవరసకు అనడం కాదు, పొద్దున తిన్నదంతా పోయింది. ఈసుకపోయిన గొర్రె మాయను చూసి ఏనాడూ కదలని కడుపు నాది.

ఆ ఇంకో పోస్ట్‌డాక్ నా వెనకే వచ్చి బయట నిలబడ్డాడు. మంచినీళ్ల సీసా ఇచ్చాడు. "మొదట్లో నాకూ ఇలాగే ఉండేది. అలవాటైపోతుంది" అన్నాడు ఓదార్పుగా. ఆ మాట విన్నాక ఆ నీళ్లు తాగబుద్ధి కాలేదు. అతను చెడ్డవాడేమీ కాదు. ఇంట్లో చిన్నపిల్లలు, తల్లికి డయాలసిస్. ఆ రోజు అతన్ని చూస్తే నాకు కలిగింది కోపం కాదు, రోత. ఇంకొన్నేళ్లకు నా ముఖం కూడా అలా తయారవుతుందేమోనన్న రోత.

మర్నాడు పెద్దసారును కలిసి కనీసం జబ్బు తేలినవాళ్లకైనా ఫలితం చెబుదామని అడిగాను. పరిశోధన పేపర్ అచ్చయ్యేదాకా ఎవరికీ చెప్పకూడదన్నాడు. చెడిపోయిన నమూనా అని మనమే రాశాక, ఆ నమూనాను బట్టి జబ్బుందని ఎలా చెబుతామని ఎదురడిగాడు. అందులో తర్కం ఉంది. అదే నాకు మరీ అసహ్యమేసింది. అబద్ధానికి అంత చక్కగా ఇస్త్రీ చేసిన బట్టలు తొడగడం అంతకుముందు నేను చూడలేదు.

ఆ శనివారమే దేవరకొండ బస్సెక్కాను. మా మేనత్త దొడ్లో గొర్రెలకు కుడితి పెడుతోంది. దగ్గర కూర్చోబెట్టి చెప్పాను.

"ఉన్నదత్తా. గొర్లకు వచ్చేదే నీకు వచ్చింది. మందులున్నయి, తగ్గుతది."

ఆమె ఏడుస్తుందనుకున్నాను. "సూసినవా, నేను సెప్పలే? దొంగజరమని మీ నాయిన ఎన్ని మాటలన్నడు నన్ను!" అని గట్టిగా అరుస్తూ లేచి, పక్కింట్లో ఉన్న మా నాయినను పిలిచింది. మా నాయిన వచ్చి తల దించుకుని నిలబడ్డాడు. ఆమె ఏళ్లనాటి కసి అంతా ఆ పూట తీర్చుకుంది.

సోమవారం నల్లగొండ దవాఖానకు తీసుకెళ్లాను. అక్కడి డాక్టరమ్మ కాగితం లేకుండా నా మాట మీద మందివ్వలేనంది, సరైన మాటే. తనే మళ్లీ పరీక్ష చేయించింది. జబ్బు ఉందనే వచ్చింది. వారాల తరబడి రెండు రకాల గోళీలు. కడుపులో మంట, నోట్లో చేదు, మా మేనత్త వాటిని తిడుతూ తిడుతూ మింగింది. జ్వరం పోయింది. మళ్లీ రాలేదు. మోకాళ్లు మాత్రం అప్పటికే అరిగిపోయాయి, అవి తిరిగి రావని డాక్టరమ్మ ముందే చెప్పింది.

ఆపైన సెలవు పెట్టి ఇల్లిల్లూ తిరిగాను. ఎవరెవరికి జబ్బు తేలిందో వాళ్లందరికీ ఒక్కొక్కరికీ విడిగా చెప్పాను. కొందరు దవాఖానకు పోయారు. కొందరు నవ్వి ఊరుకున్నారు. ఒకాయన మాత్రం, గవర్నమెంటు నీళ్లు కలిపిన మందులిస్తుంది, నాకెందుకు అన్నాడు. కొత్తకోటకు వెళ్లేసరికి మడుల్లో మళ్లీ నాట్లు పడ్డాయి. మందలు లేవు. ఆ భార్యాభర్తలు నల్లమల వైపు కదిలారని రైతు చెప్పాడు. ఇచ్చిన ఫోన్ నంబరు పనిచేయలేదు. అడవి అంచు ఊళ్లలో రెండుసార్లు వెతికాను. ఒకచోట, వాళ్లు పోయి పది దినాలైంది అన్నారు. ఇంకోచోట అలాంటివాళ్లు రానేలేదన్నారు. వాళ్లు ఈ రోజుకీ నాకు దొరకలేదు. ఆమె నన్ను మంద అవతలికి తీసుకుపోయి అడిగిన ప్రశ్నకు జవాబు నా దగ్గరే ఉండిపోయింది.

సంగతి పెద్దసారుకు చేరింది. ఒక కమిటీ వేశారు. పొడుగాటి బల్ల, నీళ్ల సీసాలు, ఏసీ. నాకు వ్యతిరేకంగా వచ్చిన మాట గోప్యత. రోగుల వివరాలు బయటపెట్టానట.

"ఎవరికి బయటపెట్టాను?" అని అడిగాను.

"పాల్గొన్నవారికి" అన్నాడు కమిటీలో ఒకాయన.

"వాళ్ల జబ్బు గురించి వాళ్లకు చెప్పడం బయటపెట్టడమా?"

ఆయన పక్కనావిడ వైపు చూశాడు. ఆవిడ, ఇది భావోద్వేగాలకు వేదిక కాదంది. తీసేసిన వరుసల గురించి నేను చెప్పబోతే, అది ఈ కమిటీ పరిధిలోకి రాదన్నారు. ఏ కమిటీ పరిధిలోకి వస్తుందంటే చూసి చెబుతామన్నారు. విడిగా ఫిర్యాదు రాసి ఇచ్చాను. వరుసలు తీసెయ్యకముందు నేను దాచుకున్న డేటా కాపీ జతచేశాను. కొన్ని నెలలకు, పరిశీలించాము, విధానంలో లోపం కనబడలేదు అని జవాబొచ్చింది. అప్పటికి నా ఏడాది ముగిసింది. పొడిగించలేదు. జీతం ఉండుడే గదా అన్న మా నాయిన మాట గుర్తొచ్చి అప్పుడు నాకు నవ్వు రాలేదు.

పేపర్ అచ్చయింది. కిట్టు దాదాపు తప్పు లేకుండా పనిచేస్తోందని రాశారు. రచయితల్లో నా పేరు కూడా పెట్టారని ముందే తెలిసి, తీసేయమని పత్రికకు రాశాను. తీసేశారు. తీసేసి, చివర కృతజ్ఞతల్లో పెట్టారు: 'స్థానిక మాండలికంలో సహకరించినందుకు.' చదివి ఫోన్ మంచం మీదికి విసిరేశాను. పీహెచ్‌డీ, వాళ్ల కోసం రాసిన ప్రోగ్రాములు, గీసిన పటాలు, ఎండలో మోసిన ఐసు డబ్బాలు, అన్నీ పోయి నా దగ్గర వాళ్లకు మిగిలింది మా ఊరి యాస ఒక్కటే. సంస్థ వెబ్‌సైటులో గొంగడి, గొర్రెపిల్ల, పాల గ్లాసు ఉన్న ఆ ఫొటో పెట్టారు. మా మేనత్త భుజం సగం కత్తిరించారు.

ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో ఒక డిగ్రీ కాలేజీలో కాంట్రాక్టు మీద పాఠాలు చెబుతున్నాను. వేరేచోట్ల పోస్ట్‌డాక్‌లకు దరఖాస్తులు పెట్టాను. ఒక ఇంటర్వ్యూలో, మీరు టీంలో కలిసి పనిచేయగలరా అని మూడు రకాలుగా అడిగారు. అంటే కబురు ముందే చేరింది. ఇంకోచోట పాత సారు దగ్గర్నుంచి సిఫారసు ఉత్తరం తెమ్మన్నారు. దాంతో మానేశాను.

ఈ మధ్య ఒక అమ్మాయి కాలేజీకి నన్ను వెతుక్కుంటూ వచ్చింది. వేరే సంస్థలో కొత్తగా చేరిన పోస్ట్‌డాక్. అదే జ్వరం, ఇంకో కిట్టు. పాలమూరు బయట మందల దగ్గరికి పోతే ఎవరూ చెయ్యి చాపలేదట. "మీరొస్తే వింటారట కదక్కా, ఒక్కసారి రండి" అంది. చాలా మంచి పిల్ల. కళ్ల కింద నల్లగా ఉంది. వద్దనలేక వెళ్లాను.

మంద చెరువు కట్ట అవతల ఉంది. కాపరుల్లో పెద్దమనిషి ఒకాయన గొంగడి పరుచుకుని కూర్చున్నాడు. నన్ను చూసి, "నువ్వు సెప్పు బిడ్డా, ఇయ్యాల్నా వద్దా?" అని సూటిగా అడిగాడు. ఆ అమ్మాయి ఆశగా నావైపు చూసింది.

నేను ఆమెనే అడిగాను. "ఫలితం వీళ్లకు చెప్తవా? జబ్బు తేలితే మందులు ఎవరిప్పిస్తరు?"

"సార్‌ను అడిగి చెప్తాను" అని ఫోన్ పట్టుకుని దూరంగా వెళ్లింది. మాకు ఆమె తల ఊపడం ఒక్కటే కనిపించింది. తిరిగొచ్చి, తల ఎత్తకుండా, "ఫలితాల సంగతి తర్వాత చూద్దామన్నారక్కా" అంది.

పెద్దమనిషికి నేను తర్జుమా చేయాల్సిన పని లేకపోయింది.

"మంచిది. నెత్తురు గుడ మేం తర్వాతనే సూస్తం" అని గొంగడి దులిపి భుజాన వేసుకున్నాడు. మంద అప్పటికే కట్ట దిగుతోంది. ఈల వేసుకుంటూ దాని వెనక నడిచాడు. ఆ అమ్మాయి ఐసు డబ్బా మూత తీసి, ఖాళీ సీసాలు చూసి మళ్లీ మూసింది. కారులో దింపుతానంది. వద్దని చెప్పి రోడ్డు మీదికొచ్చి ఆటో ఎక్కాను, మధ్యాహ్నం నాకు క్లాసు ఉంది.